సలహాదారు దిగిపోయినంక ఫైలు ఎవరిది?

(సుల్తానాబాద్‌ల ఉద్యోగులు, విద్యార్థుల సభల చేసిన ప్రసంగ పాఠం)



సుల్తానాబాద్ అంటే ముందుగాల యాదికొచ్చేది రైస్ మిల్లులు. అందుకని ముచ్చటను కాంటా కాడినుంచే షురూ చేస్తం. వడ్లు కొనే సెంటర్ల సీజన్ పొడుగూతా సర్కారు దిక్కు నిలబడి కాంటా పెట్టినాయన ఉన్నడనుకుందాం. ఏ రైతు కుప్పల తేమెంత, తాలెంత, ఏ లారీ ఎన్నడు కదులుతది, అన్నీ ఆయనకు ఎరుక. సీజన్ అయిపోయిన తెల్లారే ఆయన మిల్లు కుర్చీల కూసుండి మీకే తరుగు లెక్క చెప్తే ఊకుంటరా? ఊకోరు. ఆయన దొంగ అని కాదు. ఆయన నేర్చుకున్న లెక్క మీ కల్లంల, సర్కారు జీతం మీద నేర్చుకున్నది. అది మీ మీదికే మర్లితే అడుగుతరు, అడగాలె. ఇయ్యాల మేము చెప్పేది గదే ముచ్చట. కాకపోతే కల్లం కాడ కాదు, సచివాలయం కాడ.

ఈ సభల సగం మంది ఉద్యోగులే ఉన్నరు. 2011ల సకల జనుల సమ్మె 42 దినాలు చేసినోళ్లు, జీతం పోతదని తెలిసి గూడ టెంటు కింద కూసున్నోళ్లు. మేము అప్పుడు చదువుకునే పోరగాళ్లం, మీ ఎన్క నినాదాలిచ్చినోళ్లం. మీకు రూలు గురించి మేము చెప్పే అవసరం లేదు. జాగ కొంటే చెప్పాలె, అమ్మితే చెప్పాలె. ప్రైవేటు వ్యాపారం చేయొద్దు. 1964 నాటి ప్రవర్తనా నియమావళి మీ మెడల పలుపు లెక్క ఇప్పటికీ ఉన్నది.

పెద్ద ఆఫీసర్లకైతే దిగిపోయినంక గూడ పలుపు ఉన్నది. ఐఏఎస్, ఐపీఎస్‌లకు 1958 నాటి పదవీ విరమణ ప్రయోజనాల నియమాలల 26వ నియమం, కేంద్రంల గ్రూప్-ఎ అధికారులకు 1972 పెన్షన్ నియమాలల 10వ నియమం. 2021ల కొత్త పెన్షన్ నియమాలు వచ్చినంక అది 9వది అయింది. అన్నీ చెప్పేది ఒకటే. రిటైరైన దినం నుంచి ఏడాది దాకా సర్కారు అనుమతి లేకుండ ప్రైవేటు కొలువు పట్టొద్దు. అంతకుముందు రెండేండ్లుండె, 2007ల ఏడాదికి కుదించిండ్రు. కూలింగ్ ఆఫ్ అంటరు దీన్ని. మనం సల్లారే గడువు అందాం.

కొలువంటే నెల జీతమే కాదని ఆ రూల్లనే రాసి ఉన్నది. కన్సల్టెంటుగా బోర్డు కట్టుకునుడు గూడ కొలువే. ఆ విద్యల డిగ్రీ లేకుండ, ఉద్యోగంల దొరికిన తెలివితోనే సలహాలు అమ్ముకుంటే అది కొలువు. డిగ్రీ ఉన్నా, పాత పదవి వల్ల తన క్లయింటుకు పక్కోనికి లేని మేలు జరిగేటట్టుంటే అదీ కొలువే. సర్కారు ఆఫీసులు తిరిగి పనులు చేయించి పెట్టే పనైతే ఇగ చెప్పేదే లేదు. ఎవరు రాసిండో గని లోకం తెలిసినోడు రాసిండు. రూలు తప్పినోనికి శిక్ష ఏందంటే పెన్షన్ల కోత. రిటైరైనోళ్లు గడువు ఆగకుండ ప్రైవేటు కొలువులల చేరుడు తీవ్రమైన తప్పని 2021ల కేంద్ర విజిలెన్స్ కమిషన్ గూడ హెచ్చరించింది.

మరి సలహాదారు సంగతేంది?

సలహాదారు అంటే పోస్టు కాదు. జీవోతోని పుడ్తడు, జీవోతోని పోతడు. రాజకీయాల నుంచి వచ్చిన సలహాదారుకు సర్కారు నౌకరి పెన్షనే ఉండదు, కోసేటందుకు. మంత్రయితే రాజ్యాంగం ప్రకారం రహస్యాలు బయటపెట్టనని ప్రమాణం చేస్తడు. క్యాబినెట్ హోదా ఉన్న సలహాదారుకు హోదా మంత్రిది, కారు మంత్రిది, ప్రమాణం మాత్రం లేదు.

రిటైరైన ఐఏఎస్ సలహాదారు అయితే ఇంకో చిక్కు. ఏడాది గడువు ఆయన రిటైరైన దినం నుంచి నడుస్తది. కేంద్రం రూల్ల ఒక వివరణ ఉన్నది, ఎడం లేకుండ మళ్ల గ్రూప్-ఎ పోస్టులనే తీసుకుంటే ఆఖరుకు దిగిన దినం నుంచి లెక్క అని. అది పోస్టులకు రాసిన మాట. గౌరవ వేతనం మీద, జీవో మీద వచ్చిన సలహాదారు కుర్చీ పోస్టు కాదంటే ఆ వివరణ అక్కడ అతకది. అంటే ఏమైతది? ఒకాయన రిటైరై మూడేండ్లు సలహాదారుగా ఉంటడు. కొత్త ఫైళ్లు, కొత్త టెండర్లు, కోర్టుల మనం ఏం వాదించాలనుకుంటున్నమో ఆ నోట్లు, అన్నీ చూస్తడు. ఆయన సల్లారే గడువు కుర్చీల కూసున్నప్పుడే ఒడిసిపోయింది. ఇయ్యాల దిగితే రేపు పొద్దుగాల ఏ కంపెనీల బోర్డు కట్టుకున్నా అడిగేటోడు లేడు. ఫైలు వేడిగనే ఉన్నది, గడువు మాత్రం సల్లారింది.

ఇది ఊహించి చెప్తున్న భయం కాదు, సలహాదారుల లెక్క చూడుండ్రి. ఉమ్మడి రాష్ట్రంల 2004 తర్వాత ప్రజా వ్యవహారాల సలహాదారుగా కె.వి.పి. రామచంద్రరావు ఎంత పలుకుబడి ఉన్న మనిషో అందరికీ యాదున్నది. రాష్ట్రం వచ్చినంక 2014 జూన్‌లనే సలహాదారులను పెట్టుకున్నం: బి.వి. పాపారావు, కె.వి. రమణాచారి, ఎ.కె. గోయల్, ఆర్. విద్యాసాగర్ రావు. 2016ల ప్రధాన కార్యదర్శిగా దిగిన రాజీవ్ శర్మ, తర్వాత డీజీపీగా దిగిన అనురాగ్ శర్మ, 2023ల సోమేశ్ కుమార్. 2023 డిసెంబర్‌ల సర్కారు మారంగనే ఏడుగురు సలహాదారులను తీసేసిండ్రు. నెలన్నర తిరగకముందే 2024 జనవరిల కొత్త సలహాదారులు క్యాబినెట్ హోదాతోని వచ్చిండ్రు. మన అసెంబ్లీకి 119 మంది, రాజ్యాంగం పెట్టిన 15 శాతం కట్టడి ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి 18 మందికి మించి మంత్రులు ఉండొద్దు. ఆ తలుపు మూస్తే పార్లమెంటరీ కార్యదర్శులని కిటికీ తెరిచిండ్రు, 2015ల హైకోర్టు దాన్ని ఆపింది. సలహాదారుల కిటికీ మాత్రం ఎవరొచ్చినా తెరిచే ఉంటున్నది. ఆంధ్రల గూడ గంతే. 2022ల దేవాదాయ శాఖకు సలహాదారును పెడ్తే అక్కడి హైకోర్టు స్టే ఇయ్యాల్సి వచ్చింది.

పేర్లు చెప్పినం గని వీళ్లల ఫలానా ఆయన తప్పు చేసిండని మేము అంటలేము. వాళ్లు దిగిపోయిన తెల్లారి ఏం చేయొచ్చు, ఏం చేయొద్దు అని చెప్పే చట్టం రాష్ట్రంల లేదు అంటున్నం. రూలే లేనప్పుడు తప్పినోడెవడు, తప్పనోడెవడు?

మేము కొత్తగ పత్రికల చేరిన దినాలల కండ్లతోని చూసిన ఒక ముచ్చట చెప్తం. ఏ ఆఫీసో చెప్పం, మనుషులెవరో అసలే చెప్పం. ఒక వార్త గురించి డిజైన్లు పరిశీలించే ఇంజనీరు దగ్గరికి పోయినం. ఆయన టేబుల్ ముందట, మనలాంటోళ్లు కూసునే కుర్చీల ఒక పెద్దాయన కూసున్నడు. కంపెనీ తరఫున డిజైన్ పట్టుకొచ్చిండు. ఇంజనీరు ఆయనను మాటిమాటికి సార్ అంటున్నడు, చాయ్ తెప్పిస్తున్నడు, ఆయన నిలబడితే తనూ నిలబడుతున్నడు. బయటికొచ్చినంక అటెండరును అడిగినం, ఎవరాయన అని. రెండేండ్ల కింద ఆ గదిల, ఆ కుర్చీల కూసున్న ఆఫీసరే అన్నడు. డిజైన్ మంచిదో చెడ్డదో మాకు తెల్వదు. మంచిదే కావచ్చు. కాని తన సర్వీసు పుస్తకంల సంతకాలు పెట్టిన సారు ముందట కూసుంటే, 'ఈ కొలత తప్పింది, మర్ల గీసుకరాండ్రి' అని ఆ చిన్న ఇంజనీరు నోటి నుంచి మాట ఎట్ల వస్తది? సంతకం పెట్టేటోడెవడు, పెట్టించుకునేటోడెవడు, ఆ గదిల మాకు సమజ్ కాలే.

జలయజ్ఞం కాలంల ఇపిసి పద్ధతి బాగ పెరిగినంక ఈ కథ ముదిరింది. ఆ పద్ధతిల డిజైన్ చేసుకునే బాధ్యత గుత్తేదారుదే, సర్కారు ఇంజనీరు చూసి ఒప్పుకోవాలె. గుత్తేదారుకు అప్పుడు సిమెంటు, ఇనుము ఎంత ముఖ్యమో, సర్కారు డిజైన్లు ఎట్ల పాసవుతయో ఎరుకైన మనిషి అంత ముఖ్యం. ఆ మనిషి దొరికేది ఎక్కడ? సర్కారు ఆఫీసుల నుంచి దిగివచ్చినోళ్లలనే. ఈ మూల ఎవరికి ఎరుక లేకున్నా మనకు ఎరుక ఉండాలె. ఎగువకు ఎల్లంపల్లి, దిగువకు సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ. రాష్ట్రంల ఎక్కువ పైసలు పోసిన గోదావరి ముక్క మన పక్కపొంటే పారుతున్నది. ఇంత పెట్టినంక గూడ కాలువ చివరి భూములోడు నీళ్ల కోసం ఎదురుచూసే కాలం పోలేదు.

2015ల ఐదుగురు రిటైర్డ్ ఇంజనీర్ల కమిటీని వేసింది సర్కారు. మేడిగడ్డ దగ్గర బరాజు లాభం లేదని ఆ పెద్దమనుషులు రాసిచ్చిండ్రు. దాన్ని పక్కకు పెట్టిండ్రని 2025ల జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ నివేదికల వచ్చింది. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగినయి. కమిషన్ మీద రాజకీయ పంచాయితీ అయింది, కోర్టుల దాక పోయింది, అదంత వేరే ముచ్చట. మాకు పట్టింది ఒక్కటే. నిజం చెప్పిన సలహా బీరువల పడ్డది. మరి హోదా మీద, వేతనం మీద తెచ్చుకున్న సలహాలు ఏం చెప్పినయో, ఎవరి కోసం చెప్పినయో, ఆ సలహాదారులు రేపు ఎవరి దగ్గర తేలుతరో అడిగితే మనకు జవాబు ఉండదు.

నీళ్ల కాడనే ఇంకో మాట. 2020 మే 5న ఆంధ్ర సర్కారు జీవో 203 ఇచ్చింది. శ్రీశైలం నుంచి నీళ్లు ఎత్తే రాయలసీమ పథకం జీవో అది. మనం గుండెలు బాదుకున్నం. అప్పుడు అక్కడి జలవనరుల శాఖను చూసే అధికారి ఆదిత్యనాథ్ దాస్. తర్వాత అక్కడ ప్రధాన కార్యదర్శి అయిండు. 2024ల ఆయననే మన సర్కారు నీటిపారుదల సలహాదారుగా తెచ్చుకున్నది. అభ్యంతరాలు వచ్చినయి, పేపర్ల రాసిండ్రు. అవతలి గుట్టు తెలిసినాయన ఇవతలికి వస్తే మనకే మేలు గదా అని కొందరన్నరు. ఆ మాటల బలం లేదని మేము అనం. కాని ఇదే దారిల మన గుట్టు తెలిసినాయన రేపు అవతలికి పోతే? కృష్ణా ట్రిబ్యునల్ ముందట వాదనలు నడిచే కాలంల రెండు తెలుగు రాష్ట్రాలు గూడ ఒక రూలు రాసుకోకపోవుడే అసలు తప్పు. సర్కారు నుంచి సర్కారుకే గిట్లుంటే, సర్కారు నుంచి కంపెనీకి అడ్డమేముంటది?

కన్సల్టెంట్ల కథ మన జిల్లాకు ఇయ్యాలటిది కాదు. 1999ల మెకిన్సే చెయ్యి పెట్టిన విజన్ 2020 పుస్తకం వచ్చింది. సర్కారు ఫ్యాక్టరీలు అమ్మేటందుకు, మూసేటందుకు ఇంప్లిమెంటేషన్ సెక్రటేరియట్ అని ఒక ఆఫీసే పెట్టిండ్రు, బ్రిటన్ సర్కారు పైసల మీద అక్కడి కన్సల్టెంట్లు వచ్చి కూసున్నరు. ఆ కాలంలనే, 2002ల, నిజాం షుగర్స్‌ల 51 శాతం ప్రైవేటు చేతికి పోయింది. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల, మన రాష్ట్రం వచ్చినంకనే, మూతబడ్డది. చెరుకు రైతు చెరుకు పీకి వేరే పంట పెట్టుకున్నడు. సలహా ఇచ్చినోళ్లు బిల్లు తీసుకొని పోయిండ్రు. సలహాకు పూచీ ఉండదు, దాని ఫలితం మాత్రం మన ఊళ్లె ఉంటది.

బయటి దేశాలల రూళ్లు బాగున్నయనుకోవద్దు. బ్రిటన్‌ల దిగిపోయిన మంత్రులు, పెద్ద అధికారులు రెండేండ్ల దాక ప్రైవేటు కొలువు పట్టాలంటే ఒక కమిటీని అడగాల్సి ఉండె. లెక్స్ గ్రీన్‌సిల్ అనే ఫైనాన్స్ వ్యాపారి డేవిడ్ కామెరాన్ ప్రధానిగ ఉన్నప్పుడు సర్కారుల సలహాదారుగా తిరిగిండు. కామెరాన్ 2016ల దిగిండు, రెండేండ్లు దాటంగనే 2018ల గ్రీన్‌సిల్ కంపెనీకి తనే సలహాదారు అయిండు. 2020 కరోనా కాలంల ఆ కంపెనీ కోసం మంత్రులకు ఫోన్ల మెసేజీలు పెట్టిండు. 2021 మార్చిల కంపెనీ మునిగింది. విచారణ చేస్తే అప్పటి రూళ్లు ఆయన తప్పలేదని తేలింది! 2025ల ఆ కమిటీనే ఎత్తేసి దాని పనిని వేరే సంస్థలకు పంచిండ్రు. అమెరికా చట్టం జర నయం. అది గడువు కన్నా ఫైలును పట్టుకున్నది. ఏడాదిల 130 దినాలకు మించకుండ పనిచేసే సలహాదారు గూడ, తను స్వయంగ చూసిన కాంట్రాక్టు మీద, కేసు మీద ఇతరుల తరఫున మళ్ల సర్కారు ముందుకు రావొద్దు. బతికున్నంత కాలం రావొద్దు. మేము మెచ్చేది ఈ ఒక్క సూత్రాన్ని.

చట్టం చేస్తే మాత్రం ఆగుతరా అని మీరు అడుగుతరు. న్యాయమైన ప్రశ్న. ట్రాయ్ చైర్మన్‌గా చేసినోళ్లు మళ్ల సర్కారు కొలువు పట్టొద్దని చట్టంలనే ఉండె. 2014 మే 28న ఆర్డినెన్సు తెచ్చి ఆ మాట సడలించి, నృపేంద్ర మిశ్రాను ప్రధానికి ప్రిన్సిపల్ సెక్రటరీగా పెట్టుకున్నరు. చట్టాన్ని గూడ ఒక్కనాడు మలుపుకోవచ్చు. కాని దానికి ఆర్డినెన్సు తేవాలె, పార్లమెంటుల బిల్లు పెట్టాలె, నలుగురు నాలుగు మాటలనాలె, దేశమంత చూడాలె. జీవోకు ఆ సిగ్గు గూడ లేదు. జీవోలు జనానికి కనపడకుండ దాచుకుంటున్నరని 2021ల మన హైకోర్టు 24 గంటలల వెబ్‌సైటుల పెట్టుండ్రని చెప్పాల్సి వచ్చింది.

ఇగ మా మాటకు మేమే ఒక అడ్డం వేసుకుంటం. ఆర్. విద్యాసాగర్ రావు సారు కేంద్ర జల సంఘంల చీఫ్ ఇంజనీరుగా రిటైరైన మనిషి. అక్కడ నేర్చుకున్న లెక్కలనే మనకు చెప్పిండు. ఏ నదిల మన వాటా ఎంత, ఎవరు ఎంత మలుపుకపోతున్నరు అని సభలు తిరిగి చెప్పిండు, వ్యాసాలు రాసిండు. 'నీళ్లు - నిజాలు' చదవని ఉద్యమకారుడు లేడు. 2017 ఏప్రిల్‌ల పోయేదాక సలహాదారుగానే ఉన్నడు. రిటైరైనోళ్ల నోళ్లు కట్టేసే రూలు వస్తే ముందుగాల మనమే నష్టపోయేటోళ్లం. అందుకని తేడా జాగ్రత్తగ పట్టుకోవాలె. జనం ముందట నిలబడి చెప్పుడు, రాసుడు, పిల్లలకు పాఠం చెప్పుడు, వీటి జోలికి ఏ రూలూ పోవద్దు. కంపెనీ దగ్గర పైసలు తీసుకొని, తన పాత ఆఫీసు తలుపు కొట్టుడు వేరు. ఈ గీత గీయరాదని అనేటోళ్లు ఉన్నరు. 1958 రూలు రాసినోళ్లు గీసిండ్రు గదా.

మరి పెన్షన్ లేని సలహాదారు మెడల పలుపు ఎట్ల వేస్తరు? మా ఆలోచన చెప్తం. సలహాదారును కాదు, కంపెనీని పట్టుకోవాలె. కేంద్ర ప్రజా పనుల శాఖ టెండరు పత్రాలల ఎప్పటి నుంచో ఒక షరతు ఉన్నది. గెజిటెడ్ ఇంజనీరుగా రిటైరైనాయన గడువు తీరకముందే అనుమతి లేకుండ గుత్తేదారుగా వచ్చినా, గుత్తేదారు దగ్గర కొలువుల ఉన్నా, ఆ కాంట్రాక్టు రద్దు చేయొచ్చు. ఆ వరుసల 'సలహాదారు' అన్న ఒక్క మాట చేర్చి మన రాష్ట్రం టెండర్లన్నిట్ల పెట్టాలె. గడువు సలహాదారుగ దిగిన దినం నుంచి రెండేండ్లు. తను చూసిన ఫైలు మీదనైతే ఎప్పటికీ లేదు. టెండరు పోతదంటే కంపెనీయే ఆయనను వాకిట్లకు రానియ్యది. ఇగ నియామకం జీవోలనే ఏ శాఖ, ఏ ఫైళ్లు, వేతనమెంత, ఆయనకు, ఇంటోళ్లకు ఏ కంపెనీలల వాటాలున్నయి అనేది రాయాలె. దీనికి కొత్త కార్పొరేషనేం అక్కర లేదు, ఒక చట్టం, నాలుగు పేజీలు.

అప్పటి దాక మన చేతుల ఉన్నది సమాచార హక్కు. 2014 జూన్ నుంచి ఇప్పటి దాక ఎంతమంది సలహాదారులను పెట్టిండ్రు, ఏ జీవోలతోని, ఒక్కొక్కరికి ఏం పని అప్పజెప్పిండ్రు, ఎంత ఇచ్చిండ్రు, దిగిపోయేటప్పుడు ఫైళ్లు అప్పజెప్పినట్టు కాగితం ఉన్నదా, దిగినంక ప్రైవేటు కొలువుకు అనుమతి అడిగినోళ్లు ఎవరన్న ఉన్నరా. ఈ అయిదు ప్రశ్నలే. మండల ఆఫీసుకైతే ఫీజు అయిదు రూపాయలు, ఇది సచివాలయానికి కాబట్టి పది. ముప్పై దినాలల జవాబు రావాలె. రాకపోతే అప్పీలుకు పోదాం. దరఖాస్తులు బయట బల్ల మీద ఉన్నయి. పది రూపాయలు, పెన్ను తెచ్చుకున్నోళ్లు సంతకం పెట్టే పోండ్రి. విద్యార్థులు తమ దరఖాస్తు తమ చేతితోని రాస్తే మంచిది, అందరిదీ ఒక్కటే అచ్చు కాగితం అయితే సచివాలయంల ఒక్కటే జవాబు కొట్టి అందరికీ పంపుతరు.